తల్లి సందేహము, నర్సమ్మ సమాధానము

మన యిండ్లలో బిడ్డ యెదుగుదలను లెక్కించుటకు పూర్వము పుస్తకములు లేవు; పిండివంటలుండెడివి. బిడ్డ బోర్లపడిన నాడు బొబ్బట్లు, కూర్చున్న నాడు కుడుములు, అడుగులిడిన నాడు అరిసెలు, గడప దాటిన నాడు గారెలు వండి యిరుగుపొరుగువారికి పంచుట నేటికిని పెక్కుచోట్ల నున్నది. ఊరు మాఱిన కొలది వంటల పేర్లును కొంత మాఱుచుండును. అరిసెలు పుచ్చుకొన వచ్చిన పెద్దముత్తైదువ "వీడికి ఎన్నో నెలమ్మా?" అని యడుగక పోదు. తల్లి చెప్పిన లెక్కను తన మనుమల లెక్కతో సరిచూచుకొని, "వేళకే వేశాడులే" అనియో, "కాస్త ఆలస్యమేనే" అనియో చెప్పి పోవును. వాడకట్టంతయు కూడి పెట్టు పరీక్ష యది. నాకీ యాచారమన్న మిక్కిలి యిష్టము.

కాని యిందొక లోపము కలదు. ఈ వంటలన్నియు కాలుసేతులకు సంబంధించినవి. బిడ్డ తల్లి మొగము గుర్తించి నవ్విన నాడుగాని, పిలిచిన వైపునకు తల త్రిప్పిన నాడుగాని, చూరుమీది కాకిని వ్రేలితో చూపిన నాడుగాని మా యింట నేనెఱిగినంతలో ఏ మూకుడును పొయ్యి యెక్కలేదు. నడక రాకున్న నూరెల్ల చూచును. వినికిడి లేకున్న నెవరును చూడరు. దానిని మొట్టమొదట కనిపెట్టునది రాత్రింబవళ్లు బిడ్డను ఒడిలో నుంచుకొన్న తల్లి. కనిపెట్టి, నాలుగు దినములు తనలో తాను మథనపడి, టీకాల దినమున నర్సమ్మ యెదుట నోరు తెఱచినపుడు ఆమెకు వచ్చు సమాధానమెట్టిది, ఎట్టిదై యుండవలెను అనునదియే ఈ మాసపు విషయము.

గోదావరి తీరమునుండి యొక సోదరి యిట్లు వ్రాసినది. "మా బాబుకు 14 నెలలు. నడుచుచున్నాడు. ఆటవస్తువులు లాగుచున్నాడు. వెనుకనుండి పిలిచిన తిరిగి చూడడు. నర్సుగారితో చెప్పితిని. 'మగపిల్లలకు మాటలు ఆలస్యమేనమ్మా' అన్నారు. మా అత్తగారు 'వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకు గాని రాలేదు' అన్నారు. ఇరువురి మాటలతో నా నోరు మూతపడినది గాని మనస్సు మూతపడలేదు. నేనేమి చేయవలెను?"

సోదరీ, మీరు చెప్పినదొకటి, మీకు వచ్చిన జవాబు మఱియొకటి. మీరు వినికిడిని గూర్చి యడిగితిరి. వారు మాటలను గూర్చి చెప్పిరి. ఆ నర్సుగారు కఠినురాలని నేననుకొనను. ఒక్క యుదయమున నలువదిమంది బిడ్డలకు సూదులు వేసి, కార్డులు నింపి, జ్వరపుమాత్రలిచ్చి, మఱల ఆ లెక్కలన్నియు ఫోనులో నెక్కింపవలసిన మనిషి యామె. ఆమె నోట "ఏం ఫర్వాలేదమ్మా" యను మాట ఓదార్పుగానే వచ్చును. ఐనను ఓదార్పు వేఱు, సమాధానము వేఱు. ఓదార్పుతో తల్లి యింటికి పోవును. బిడ్డ సంగతి యెక్కడిదక్కడనే యుండును.

తల్లి సందేహమును వట్టి బెంగగా త్రోసివేయరాదని నేడు వైద్యశాస్త్రమే చెప్పుచున్నది. అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లాస్కో యను మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు 1997లో పది ప్రశ్నల పత్ర మొకటి ప్రచురించెను. అందు బిడ్డను ఆడించి పాడించి చూచుట లేదు. తలిదండ్రులను అడుగుటయే పరీక్ష: బిడ్డ మాటను గూర్చి, అర్థము చేసికొనుటను గూర్చి, చేతుల పనిని గూర్చి, నడకను గూర్చి, నడవడిని గూర్చి మీకేమైన సందేహమున్నదా యని. ఏ విషయమున సందేహపడిరో దానినిబట్టి ఏ బిడ్డను వెంటనే పరీక్షకు పంపవలెనో, ఎవరికి ధైర్యము చెప్పి మఱల చూచిన చాలునో నిర్ణయింతురు. చదువు లేని తల్లియైనను తన బిడ్డను గూర్చి చెప్పు మాటకు విలువ కలదని దీనివలన తేలినది. తల్లి యెల్లపుడు సరిగనే చెప్పునని దీని యర్థము కాదు. ఆమె చెప్పినది విచారింపదగిన వార్త యని యర్థము. మన ప్రాచీనులకును ఈ సంగతి తెలియనిది కాదు. కాశ్యపసంహితలో వేదనాధ్యాయమని యొకటి కలదు. మాటరాని శిశువున కేది బాధయో దాని చేష్టలను చూచి గ్రహించు విధమంతయు నందు వివరింపబడినది. ఆ చేష్టలను దగ్గఱనుండి చూచునది వైద్యుడా, తల్లియా?

ఇక మంచి నర్సమ్మ యేమి చేయును? ముందుగా ఆమె యడుగు తీరే వేఱుగా నుండును. "బిడ్డ బాగున్నాడా?" యని యడిగిన "బాగున్నాడండీ" యనుటకంటె వేఱు జవాబు మన కోడండ్రకు రాదు, అందును ప్రక్కన అత్తగారు నిలుచుండగా. "వాడి ఆటలో, మాటలో, వినడంలో నీ మనసుకు ఎక్కడైనా అనుమానంగా ఉందా?" యని యడిగిన తల్లి నోరు తెఱచుటకు చోటు దొరకును. తల్లి చెప్పిన పిమ్మట వెంటనే సమాధానము చెప్పక, "నీవేమి చూచి అట్లనుకొంటివి?" అని మఱియొక ప్రశ్న వేయును. తల్లి "పలకడు" అన్నపుడు అది వినకపోవుటయో, విని మాటలాడకపోవుటయో, మాటలాడగలిగియు మనుష్యులవైపు చూడకపోవుటయో ఈ రెండవ ప్రశ్నచేతనే విడివడును. ఈ మూడును మూడు త్రోవలు.

తరువాత ఆమె గతమును తడవును. నెలలు నిండి పుట్టెనా? పుట్టగనే యేడ్చెనా? కామెర్లు ముదిరి దీపము క్రింద నుంచిరా? చెవినుండి చీము కారునా? దగ్గఱ బంధువులలో పుట్టుచెవుడు గలవారున్నారా? వీనిలో నన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు: ముందు వచ్చిన విద్య యేదైన మఱల పోయెనా? మొన్నటివఱకు "అత్త, తాత" యనిన బిడ్డ నేడు అనుట మానిన, కూర్చున్న బిడ్డ కూర్చుండలేకున్న, అది యే వయస్సుననైనను ఒక్క దినము ఆలసింపరాని సంగతి. ఇందు "చూద్దాం" అను మాటకు తావు లేదు.

చిట్టచివర ఆమె తాను చూచినదేమో, ఇంటివద్ద చేయవలసినదేమో చెప్పి, మఱల చూచు దినమును నిర్ణయించును. సమాధానమంతటికిని ప్రాణమీ దినమే యని నా యభిప్రాయము. పెండ్లిచూపులకు, విత్తనము చల్లుటకు, బావి త్రవ్వుటకు తిథి చూచుకొను మనము బిడ్డ సంగతి వచ్చినపుడు తిథి లేని "చూద్దాం" తో తృప్తిపడి లేచి వచ్చుచున్నాము. "ఆఱు వారాల్లో తిరిగి రా, అప్పటికీ పిలిస్తే తిరగకపోతే జిల్లా ఆసుపత్రికి నేనే చీటీ రాస్తాను" అనిన నర్సమ్మ కూడ ఆ దినమున "ఆగుము" అనియే చెప్పినది. కాని ఆమె ఆగుమనుటకు గడువున్నది. వినికిడి సందేహమైనచో ఆ గడువైనను వలదు; చీటీ ఆ దినముననే వ్రాయవలెను.

వినికిడిని గూర్చి కొంత విపులముగా వ్రాయక తప్పదు, ఏలయన మన యిండ్లలో అన్నిటికంటె ఎక్కువగా మోసపోవునది యిక్కడనే. చెవుడుతో పుట్టిన పసికందు కూడ తొలి నెలలలో తక్కిన బిడ్డలవలెనే ఊ కొట్టును, నవ్వును, కేరింతలాడును. దానిని చూచి తలిదండ్రులు నిశ్చింతగా నుందురు. ఆఱేడు నెలలు దాటునప్పటికి తక్కిన బిడ్డలు "బబ్బబ్బ, దద్దద్ద" యని పలుకులు పేర్చుచుండగా ఈ బిడ్డ గొంతు క్రమముగా సన్నగిల్లును. తన పలుకు తనకు వినబడనిచో ఆడుకొనుట కేమున్నది? అప్పుడు ఇంటిలో పెద్దలు పళ్లెము మ్రోగించి చూతురు. బిడ్డ ఉలికిపడును. "వినబడుతోంది, ఇంకేం!" అందురు. పళ్లెపు మ్రోత కొంత చెవుడున్నవారికిని వినబడును. అంతేకాక బిడ్డ చేయి కదలుటను కంటితో చూచును, గాలి విసురును చర్మముతో నెఱుగును. కావున పళ్లెపు పరీక్షను నమ్మరాదు. చప్పట్లును అంతే.

నిజమైన పరీక్ష సులభమే. నిద్రించు శిశువు చెవిలో చిన్న గొట్టముంచి, మెల్లని ధ్వని పంపి, లోపలి చెవినుండి మఱలి వచ్చు ప్రతిధ్వనిని యంత్రముతో కొలుతురు. దీనిని ఓ.ఏ.ఇ. పరీక్ష యందురు. బిడ్డకు నొప్పి లేదు, సూది లేదు, కొద్ది నిమిషముల పని. అందు సందేహము తోచిన, చెవినుండి మెదడునకు వార్త చేరుచున్నదో లేదో తెలుపు బెరా యను పరీక్ష చేయుదురు. పుట్టిన నెలలోపల తొలి పరీక్ష, మూడు నెలలలోపల నిర్ధారణ, ఆఱు నెలలలోపల చికిత్స యనునది వైద్యులు పెట్టుకొన్న గడువు. ఆ గడువు దాటి వచ్చిన బిడ్డను చేర్చుకొనమని కాదు. ఎంత ముందుగా వచ్చిన అంత మాట దక్కును. మేనఱికములు గల యిండ్లలో పుట్టుచెవుడు కొంత యెక్కువగా కనబడునని వైద్యులు చెప్పుదురు. చేసికొన్నవారిని నిందించుటకై యిది వ్రాయుటలేదు. అట్టి యిండ్లలో ఈ పరీక్షను అశ్రద్ధ చేయరాదని మాత్రమే.

మాటలు రాకున్న వస పోయుట మన వాడుక. గలగల మాటలాడు పిల్లను వసపిట్ట యనుటయు నందుచేతనే. మాట చెవిగుండ లోనికి పోయిననే గదా నోట వెలువడుట! చెవిలో నున్న లోపమునకు నాలుకపై నరగదీసిన వస యేమి చేయును? తేనెలో రంగరించి నాకించుట మఱింత కీడు. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టరాదు. అందుండు ఒకానొక సూక్ష్మజీవి వలన పసిబిడ్డలకు కండరములు చచ్చుపడు ప్రమాదమున్నది. నాలుక క్రింది పొరను కోయించినచో మాటలు వచ్చునని తిరుగువారు కొందఱు. చెవి పరీక్ష చేయింపక కత్తెర వెదకుకొనుట నాకు వింతగా తోచును.

మా వారు బడిపంతులు. వారి యొకటవ తరగతిలో నొక బాలుడుండెడివాడు. వెనుక బల్లమీద కూర్చుండి, అడిగిన ప్రశ్ననే తిరిగి జవాబుగా చెప్పెడివాడు. తోడి పిల్లలు వానిని మొద్దబ్బాయి యనెడివారు. మా వారు తమవైపు తిరిగి చెప్పిన పాఠము వానికి వచ్చుటయు, నల్లబల్ల వైపు తిరిగి చెప్పినది ఒక్క ముక్కయు రాకుండుటయు కొన్ని దినములు గమనించిరి. వాడు పెదవుల కదలికను చదువుకొనుచుండెను. తల్లిని పిలిపించి యడుగగా ఆమె కొంగు నోట కుక్కుకొని, "రెండో ఏట చెప్పానండీ, వయసొస్తే వస్తాయన్నారు. మళ్లీ అడగలేదు" అనెను. ఆ రెండవ యేటికిని ఈ ఆఱవ యేటికిని నడుమ నాలుగు సంవత్సరములు. ఇపుడు వానికి చెవియంత్రమున్నది. లెక్కలలో ముందున్నాడు, దస్తూరి ముత్యములవలె నున్నది; పలుకు మాత్రమింకను తడబడుచున్నది. వాని తల్లి "మళ్లీ అడగలేదు" అనిన మాటయే నాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది. మఱల అడుగు భారమామెపై నుండగూడదు. మఱల పిలుచు భారము తిథి వ్రాసియిచ్చిన వారిపై నుండవలెను.

టీకాల పట్టికను చూచిన మఱియొక సంగతి తెలియును. పుట్టినపుడు, 6, 10, 14 వారములకు, పిమ్మట 9 నెలలకు, ఆ తరువాత 16 నెలలు మొదలు 24 నెలల లోపల బిడ్డ నర్సమ్మ చేతికి వచ్చును. ఆపైన ఐదవ యేటి వఱకు సూది లేదు. మాటలు మాలకట్టవలసిన మూడవ యేడు, నాలుగవ యేడు సరిగ ఈ ఖాళీలో పడుచున్నవి. ఆఱు నెలలకొకమారు ఇచ్చు విటమిన్ ఏ ద్రావకము మాత్రము ఐదేండ్ల వఱకు కలదు. ఆ చెంచా పోయించుకొనుటకు పోయిన దినమున మీ సందేహమును కూడ విప్పి చెప్పుడు. తొలి యేట 14 వారములకును 9 నెలలకును నడుమ గల ఖాళీని పూడ్చుటకు 2018 నుండి ఆశ కార్యకర్తలు 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికే వచ్చి బిడ్డను చూచు ఏర్పాటు జరిగినది. వచ్చినపుడు కాఫీ యిచ్చి పంపివేయక కార్డు తెప్పించి చూపుడు. మాతాశిశు సంరక్షణ కార్డులో ఏ నెల కేమి రావలెనో బొమ్మలతో సహా యున్నది. టీకాల పుటకంటె ఆ పుట తెల్లగా మిగిలియుండుట నేను పలుచోట్ల చూచితిని.

బెంగపడు తల్లులందఱి బెంగయు నిజము కాదని పైన వ్రాసితిని. దానికి నిదర్శనము చెప్పెదను. మా వీధిలో నొక పాప పది నెలలైనను దోగాడలేదు. కూర్చుండి పిఱుదులమీదనే జరుగుచు ఇల్లంతయు తిరిగెడిది. తల్లికి నిద్ర లేదు. అప్పటి నర్సమ్మ పాపను చాపమీద కూర్చుండబెట్టి, రెండు చేతులతో గిన్నె నందుకొనుట చూచి, నిలువబెట్టి కాళ్లు మోపుట చూచి, "పిల్లలందరూ దోగాడరమ్మా. దీనికి కూర్చోవడం వచ్చింది, చేతులు రెండూ ఆడుతున్నాయి. ఏడాదిన్నర దాటినా నడవకపోతే అప్పుడు చూపిద్దాం" అనెను. ఆ మాట శాస్త్రసమ్మతము. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశముతో కలిసి ఐదు దేశములలో 816 మంది ఆరోగ్యవంతులగు బిడ్డలను పరిశీలించి 2006లో ప్రకటించిన లెక్క ప్రకారము, ఆధారము లేక కూర్చుండుట సుమారు 4 నెలలు మొదలు 9 నెలల వఱకును, ఒంటరిగా నడచుట 8 నెలలు మొదలు 17½ నెలల వఱకును ఎప్పుడు వచ్చినను సరియే. నూటికి నలుగురు బిడ్డలు దోగాడనే లేదు. చూడుడు, ఈ నర్సమ్మయు "ఫర్వాలేదు" అనినదే! కాని చూచి యనినది, ఎందుకు ఫర్వాలేదో చెప్పినది, ఎప్పటివఱకు ఫర్వాలేదో చెప్పినది.

నెలలు నిండక పుట్టిన బిడ్డ లెక్క వేఱు. రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డకు పంచాంగము ప్రకారము ఎనిమిది నెలలైన, ఎదుగుదలకు ఆఱు నెలలుగానే లెక్కింపవలెను. రెండేండ్లు నిండువఱకు ఇట్లే చూతురు. ఎదురింటి బిడ్డతో పోల్చి కుమిలిపోవు తల్లులు ఈ తీసివేత నేర్చుకొనుట మంచిది.

చేతివాటమును గూర్చియు నొక మాట. తొమ్మిదవ నెలలో బిడ్డ ఎప్పుడును ఎడమచేతితోనే వస్తువులందుకొనుచుండ, "పుఱ్ఱచేతివాడవుతాడు, ఆ చేయి కట్టేయండి" అని బామ్మలు కేకలు వేయుదురు. పుఱ్ఱచేయి దోషము కాదు. ఎడమచేతితో వ్రాయు గొప్పవారెందఱో కలరు. ఏడాదిలోపల బిడ్డలు రెండు చేతులను సమానముగా వాడుట సహజము. కావున అంత చిన్నతనమున ఒక్క చేతినే వాడుచున్న, చూడవలసినది వాడు చేతిని కాదు, వాడని చేతిని. అది పిడికిలి బిగించియే యుండునా? బిగువుగా లోనికి ముడుచుకొనునా? అట్లున్న ఆ ప్రక్క కండరములలో బలహీనత యుండవచ్చును, వైద్యునకు చూపింపవలెను. బామ్మ కనిపెట్టినది నిజమే. ఆమె తప్పుపట్టిన చేయి మాత్రము వేఱు.

"అర్ధేండ్ల పిల్లలు సగముమంది చేయుపని" యని వ్రాసిన పట్టికలు పూర్వముండెడివి. అట్టివానిలో ఒకటి తప్పిన వైద్యులు సైతము "ఇంకా సగం మంది చేయరులే" యని యూరకుండుట కలిగెను. అందుచే అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు 2022లో తమ పట్టికను తిరుగవ్రాసి, ఆ వయస్సునకు నూటికి 75 మంది బిడ్డలైనను చేయు పనులనే అందుంచిరి. ఇపుడు ఒకటి తప్పినను అడుగవలసినదే. మన దేశమున తిరువనంతపురమువారు 1991లో తయారుచేసిన 17 అంశముల పట్టిక కలదు. రెండేండ్లలోపు బిడ్డలకు కొద్ది నిమిషములలో నర్సులు, అంగన్‌వాడీవారు సైతము చూడదగినది. ఎంత మంచి పట్టికయైనను రోగము పేరు చెప్పదు. అది జల్లెడ, నూక నిలిచినదో లేదో చెప్పును. కావున మీ నర్సమ్మ ఏదో పెద్ద పేరు చెప్పి భయపెట్టిన నమ్మకుడు. ఆమె పని గుర్తించి పంపుట. పేరు పెట్టుట వైద్యుని పని.

పట్టికలన్నిటిని మఱచినను గుర్తుంచుకొనదగినవి కొన్ని కలవు: మూడు నెలలు నిండినను మొగము చూచి నవ్వకుండుట, ఐదు నెలలైనను తల నిలుపకుండుట, ఏడాది దాటినను పేరు పెట్టి పిలిచిన తిరుగకుండుట, 16 నెలలకు ఒక్క మాటయైనను లేకుండుట, 18 నెలలకు నడవకుండుట, రెండేండ్లకు రెండు మాటలు కూర్చి యనకుండుట. ఇవి భయమునకు కాదు, ప్రయాణమునకు గుర్తులు. రక్తము తక్కువైన బిడ్డ కూడ ఆటకు అలసి, చుట్టుప్రక్కల మీద ఆసక్తి లేక మందకొడిగా నుండును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన దేశమున ఆఱు నెలలు మొదలు ఐదేండ్లలోపు బిడ్డలలో నూటికి 67 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. నర్సమ్మ క్రిందిరెప్ప త్రిప్పి చూచుట ఇందులకే. ఇనుము ద్రావకమును బీరువాలో దాచక పోయుడు.

పిల్లవాడు ఫోను చూచుచు నిశ్శబ్దముగా అన్నము తినుచున్నాడని సంతసించు తల్లులకు నా మనవి. రెండేండ్లలోపు బిడ్డకు తెర చూపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. తెర మాటలాడునే గాని బిడ్డ "ఊ" యనినపుడు మఱల "ఊ" యనదు. తారంగమాడించుట, చందమామను చూపుట, దాగి "బూచి" యని తొంగిచూచుట, ఇవి వేళాకోళపు పనులు కావు. నీవు, నేను అను వంతు నేర్పు తొలి పాఠములు. ఐతే మాట రాని బిడ్డ తల్లిని పట్టుకొని "అంతా ఫోను వల్లనే" యని తీర్పు చెప్పి పంపివేయుటను నేనంగీకరింపను. ఫోను మాన్పింపవలెను, చెవియు చూపింపవలెను. మొదటిది చెప్పి రెండవది మఱచిన సమాధానము సగము సమాధానము.

ఆ తీర్పు గుఱించియే యింకను చెప్పవలసియున్నది. బిడ్డకు లోటున్నదని తెలిసిన దినమున మన యిండ్లలో ముద్దాయి తల్లియే. గ్రహణము నాడు బయటికి వచ్చినదనియు, కడుపుతో నుండగా ఏదో తిన్నదనియు, ఆమె వైపువారిలో ఎవరికో ఉన్నదనియు అందురు. విదేశములలో చదువుకొన్నవారును దీనికి తీసిపోలేదు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ అను నాయన, ఆటిజమునకు తల్లి మనస్సులోని చల్లదనమే కారణమని పెద్ద గ్రంథమే వ్రాసెను. అది తప్పని పిమ్మట శాస్త్రజ్ఞులు నిరూపించిరి. అంతలో ఎందఱు తల్లులు కుమిలిరో! ఈ నింద భయముచేతనే ఆడువారు సందేహమును దాచుకొందురు. మంచి నర్సమ్మ అత్తగారిని ఏదో పని మీద అవతలికి పంపి తల్లిని ఒంటరిగా రెండు మాటలడుగును: "నీకు నిద్ర పడుతోందా? ఇంట్లో ఏమంటున్నారు?" అని. తరువాత అత్తగారిని పిలిచి, అందఱి యెదుట, "ఇది ఎవరి తప్పూ కాదు, తొందరగా కనిపెట్టింది కాబట్టి మీ కోడలే నయం" అనును. ఈ యొక్క వాక్యమునకు ఖర్చు లేదు, మందుచీటీ లేదు. దీనిచేత బిడ్డను తీసికొని బస్సెక్కుటకు ఆ తల్లికి ఇంటిలో అనుమతి దొరకును. అత్తగారు స్వయముగా వెంట బయలుదేరిన ఇండ్లను కూడ నేనెఱుగుదును.

ఎక్కడికి పోవలెనని మీరడుగవచ్చును. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండు మార్లు, బడులకు ఒకమారు వచ్చి పుట్టుకనుండి 18 ఏండ్ల వఱకు గల పిల్లలను చూడవలెను. అందు గుర్తింపబడినవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. చెవి, కన్ను, మాట, నడక, నడవడి అన్నియు ఒక్కచోట చూచుటకే ఆ కేంద్రములు. బృందము వచ్చువఱకు ఎదురుచూడ నక్కఱలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరుగారి చీటీతో నేరుగా పోవచ్చును. బుద్ధి వికాసమునకు సంబంధించిన సందేహములకు సికిందరాబాదు మనోవికాసనగరములో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ కలదు. బడియీడు వచ్చిన బిడ్డలకు మండలములలో భవిత కేంద్రములున్నవి.

పోవుటకు ముందు ఒక తెల్లకాగితముమీద మీ సందేహమును మీ మాటలలోనే వ్రాసికొనుడు. ఎప్పటినుండి, ఎట్టి సమయమున, ఎవరు పిలిచిన, ఏ వైపునుండి పిలిచిన, అన్నియు. వ్రాయలేనివారు ఫోనులో బిడ్డను రెండు నిమిషములు బొమ్మ తీసి చూపవచ్చును. ఆసుపత్రిలో క్రొత్త మొగములను చూచి బిడ్డ బిగుసుకొనిన ఇంటిలోని సహజస్థితి అందు కనబడును. ఫోను వలన ఇట్టి మేలు కూడ కలదు. "ఫర్వాలేదు" అని వారనిన, "ఎప్పటి వరకు ఫర్వాలేదండీ? ఆ తేదీ కార్డుమీద వేయండి" అని వినయముగా నడుగుడు. ఇందు గద్దింపు లేదు, ఎదురు చెప్పుట లేదు. జాబు వ్రాసిన సోదరి మాత్రము తేదీ కొఱకు ఆగక వచ్చువారమే బాబును చెవి పరీక్షకు తీసికొని పోవలెను. తెల్లవారుజామున వానిని లేపి యుంచుడు, బస్సులో నిద్రపోనీయకుడు. అచటికి చేరిన పిమ్మట కడుపునిండ పాలు పట్టి జోకొట్టినచో, వాడు నిద్రించుచుండగనే పరీక్ష ముగియును.